నా పేరు మీది లైసెన్సు

నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. రెండు మూడు చోట్ల ఆమె పెన్ను ఆగింది. ఆగొద్దన్నాను.

మా ఆయన బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలి బతికినవాడు. ఆయన పోయిన రోజు పెట్టెకు భుజం పెట్టిన నలుగురిలో ఒకాయన మా చర్చి పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. కంఠేశ్వర్‌లో ఆయనకు ఒక కంప్యూటర్ల ఆఫీసు ఉండేది. పసుపు వ్యాపారులకు, బడులకు వెబ్‌సైట్లు చేసిచ్చేవాళ్లు. చేసేది మాత్రం నా బిడ్డ ఒక్కతే. మిగతావాళ్లు ఆర్డర్లు తెచ్చి టీ తాగేవాళ్లు.

అప్పటిదాకా పని దొంగ సీడీలోంచి ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. ఒక విత్తనాల కంపెనీ పెద్ద పని ఇస్తామని, సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఉంటేనే ఇస్తామని చెప్పింది. అసలుది కొనాలంటే ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నీ అమ్మినా చాలదట. నా బిడ్డ రెండు దారులు చెప్పింది. ఉచితంగా దొరికేది ఒకటి ఉంది, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, కానీ చేతికి అలవాటు కావడానికి నెల పడుతుంది. లేదంటే పాత వెర్షన్‌ను తక్కువకు ఇస్తారేమో అడగొచ్చు. ఆయనకు రెండూ నచ్చలేదు. మూడో దారి తనే కనిపెట్టాడు. చదువుకునేవాళ్లకు అదే సాఫ్ట్‌వేర్ దాదాపు ఊరికే ఇస్తారట.

ఆయన పిల్లలిద్దరూ అప్పుడు చదువుకుంటూనే ఉన్నారు. వాళ్ల పేర్లు ఆయన నోటికి రాలేదు. అది నాకప్పుడు తట్టలేదు.

ఆ ఏడాది నేను చర్చి హాలులో పాస్టరమ్మ నడిపే, చదువు రాని పెద్దవాళ్ల బడికి పోతున్నాను. ఫొటో అంటించిన కార్డు కూడా ఇచ్చారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన మా ఇంటికి వచ్చాడు. బిడ్డ ఇంకా చర్చిలోనే పిల్లలకు పాటలు నేర్పుతోంది.

"అక్కా, నువ్వు సదువుకుంటున్నవ్ గద. నీ పేరు మీద తీస్కుంటే బిడ్డకు పని అల్కగైతది."

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఏం రాశారని అడిగాను.

"నువ్వు సదువుకుంటున్నవని రాసిండ్రు. గంతే."

అప్పటిదాకా వేలిముద్రే వేసినదాన్ని, మొదటిసారి సంతకం పెట్టాను. చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది. ముద్దుగా ఉందని ఆయన మెచ్చుకున్నాడు.

సంగతి తెలిసి బిడ్డ మండిపడింది. అది ఆఫీసు పనికి వాడకూడదని ఆయనకు చెప్పింది. ఏమన్నా అయితే తాను చూసుకుంటానన్నాడట ఆయన. నేనూ బిడ్డనే తిట్టాను, మీ బాపు పెట్టె మోసినాయన మీదనే అనుమానమా అని. ఆ మాట తర్వాత అది ఆ సాఫ్ట్‌వేర్‌తోనే పని మొదలుపెట్టింది. ఇక్కడ ఒకసారి పెన్ను ఆగింది.

తర్వాత ఒకసారి అన్నం డబ్బా ఇవ్వడానికి పోతే, బిడ్డ ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించింది. అది తెరిచినప్పుడల్లా తెర మీద ముందు నా పేరు పడేది. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. అయినా నాదేనని తెలిసి నవ్వు ఆగలేదు.

అదే పేరును విత్తనాల కంపెనీ మనిషి చూశాడు. నన్ను పిలిపించారు. నేను పోయేసరికి బల్ల మీద నా కాగితం ఉంది. ఆ మనిషి దాన్ని తెలుగులో చెప్పాడు. దీన్ని నా చదువుకే వాడతాను, వ్యాపారానికి వాడితే బాధ్యత నాదే అని ఉందట.

"నాకు తెల్వది సార్," అన్నాడు మా పెద్ద. "తల్లీబిడ్డలే కల్సి చేసిండ్రు."

"అన్నా, గీ కాగితం మా ఇంటికి తెచ్చింది నువ్వు గాదా?"

ఆయన నా మొహం చూడలేదు. "సంతకం ఎవలది అక్కా?"

ఆ రోజే నా బిడ్డను పనిలోంచి తీసేశాడు. విత్తనాల కంపెనీ ఆయనకు నెల గడువిచ్చింది. బిడ్డ మొదట చెప్పిన ఆ ఉచితమైనదే పెట్టుకున్నాడు. పని ఆయనకే దక్కింది. నా బిడ్డ ఏ ఆఫీసు మెట్లెక్కినా, దొంగ పని చేసిన పిల్ల అన్న మాట అప్పటికే అక్కడ కూర్చుని ఉండేది.

మా చర్చిలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. ఒక ఆదివారం నేను లేచాను. జరిగింది మొత్తం చెప్పాను. అలవాటు కొద్దీ వెనక బెంచీలవాళ్లు "స్తోత్రం" అన్నారు, ఏం విన్నారో తర్వాత తెలిసి తలలు దించుకున్నారు. ఆయన కానుకల సంచి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. బయటికి వచ్చాక పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇలాంటివి సంఘంలో ఎందుకమ్మా అంది. చర్చి పైకప్పు ఆయనే వేయించాడు కదా.

అక్కడ ఎవరూ వినలేదు కాబట్టి ఇది రాయిస్తున్నాను. తప్పు నా బిడ్డది కాదు. బిడ్డ రాసినదంతా మొదటి నుంచి నాకు చదివి వినిపించింది, రెండుసార్లు. ఇప్పుడు కింద సంతకం పెడుతున్నాను.