విమానం పొట్ట కింది మూత

జూన్ నెల. పొద్దున ఐదూ నలభైకి బేస్ గేటు ముందు దిగాను. పడమటి ఎడారి అంచున ఉన్న ఎయిర్‌బేస్ అది. పేరు చెప్పను. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు. నా దగ్గర ఒక నల్ల ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, మా అమ్మ పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా ఉన్నాయి. నూనె కారుతున్న సీసాను గార్డు రెండు వైపులా తిప్పి చూశాడు. దాన్ని రిజిస్టరులో ఏమని రాయాలో తోచక లోపలికి పంపేశాడు.

వరంగల్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేరగానే మా బజారంతా నేను విమానం నడుపుతున్నాననే అనుకుంది. కాదు, ఫొటోలు తీస్తానని చెప్తే పక్క దుకాణం పెద్దాయన, "మరి పెండ్లిళ్లయి గూడ తీస్తవా?" అని అడిగాడు. తీయను. నేను తీసేవి యుద్ధ విమానాలు. అవి కూడా పేపర్లో చూసి మీరు మురిసిపోయే ఫొటోలు ఏడాదికి నాలుగో ఐదో. మిగతావన్నీ పగుళ్లు, సొట్టలు, నూనె మరకలు, పక్షి తగిలి వంగిన రేకులు. ఎక్కడ ఏం చెడిందో కాగితం మీద రాస్తే చాలదు, ఫొటో ఉండాలి.

నాకిచ్చిన సామాను: రెండు కెమెరాలు, ఒక పొడుగు లెన్స్, ఇంజన్ల మోతకు చెవులు మూసే కప్పులు, సేఫ్టీ ఆఫీసరుతో మాట్లాడటానికి ఒక వైర్‌లెస్ సెట్టు. లెన్స్ మూతను దారంతో కెమెరాకు కట్టేయాలి. జారి కింద పడితే ఇంజన్ దాన్ని లోపలికి గుంజుకుంటుంది. అందుకే రోజూ ఆరింటికి, పెద్ద ఆఫీసరు నుంచి ఊడ్చేవాడి దాకా అందరం ఒక వరుసలో నిలబడి, తలలు వంచి రన్‌వే పక్కన గులకరాళ్లు ఏరేవాళ్లం. మొదటి రోజే ఒక జెట్ లేచింది. తల ఎత్తి చూశాను.

"తమ్మీ, మీదికి గాదు. కిందికి చూడు."

తెలుగు. అదీ మన తెలుగు. పక్కన వంగి రాళ్లు ఏరుతున్న సార్జెంటు.

"ఏ ఊరు మీది?"

"వరంగల్ అన్నా."

"మాది తొర్రూరు దిక్కు. తొక్కు గిట్ల తెచ్చినవా?"

తెచ్చానని అప్పుడే చెప్పేయడం నా పొరపాటు. సీసాలో సగం ఆయనే తిన్నాడు.

ఆయన క్రూ చీఫ్. అంటే ఒక విమానం మొత్తానికీ మేస్త్రీ. ఇంధనం, టైర్లు, ప్రతి మూత, ప్రతి బిగింపు చూసి ఆయన సంతకం పెడితేనే పైలట్ ఎక్కుతాడు. ఊళ్లో పత్తి చేను, చేతులు కూడా చేనివే, వెడల్పుగా మొరటుగా ఉండేవి. విమానాల ఫొటోలు తీయడం నాకు నేర్పింది నిజానికి ఆయనే. ఎనిమిది దాటాక ఎడారిలో గాలి మరుగుతుంది. "ఎండెక్కినంక తీస్తె విమానం నీళ్లల్ల మునిగినట్టు వస్తది. పొద్దుగాల్నే తియ్యి," అనేవాడు. విమానం ఎటు ఒరుగుతుందో రెక్క అంచు కదలికను బట్టి ముందే చెప్పేవాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఆ లోటు అక్కడే తీరింది.

రెండో చలికాలంలో ఆర్డరు వచ్చింది. ఫిబ్రవరిలో ఒక రోజు బేస్ గేట్లు జనానికి తెరుస్తారు. ఎయిర్‌షో. విన్యాసాలకు ఎంచుకున్నది అన్న విమానమే. బయల్దేరేముందు క్రూ చీఫ్ దాని ముందు నిలబడి, చేతులతో దారి చూపి, పైలట్‌కు సెల్యూట్ కొడతాడు. జనమంతా చూస్తారు. మార్చి ఆఖరుకు ఆయనకు ఇరవై ఏళ్ల సర్వీసు నిండి రిటైర్మెంటు.

ఆ రాత్రి భోజనం దగ్గర నెమ్మదిగా అడిగాడు.

"ఇరవయ్యేండ్లాయె తమ్మీ. నేనేం పని జేస్తనో మా ఇంట్ల ఎవ్వలు సూడలే. లోపటికి ఫోన్ తేనియ్యరు, ఫొటో దిగనియ్యరు. గా రోజు మీ వదినె, బిడ్డ వస్తాండ్రు. నేను సెల్యూట్ కొట్టేటప్పుడు ఒక్కటి తియ్యి. పర్మిషన్ నేనడుగుత."

తీస్తానని మాటిచ్చాను. పర్మిషన్ వచ్చింది. వరంగల్ నుంచి వాళ్లిద్దరికీ రైలు టికెట్లు కూడా అయ్యాయి.

షోకు ఎనిమిది రోజుల ముందు రిహార్సల్. పొద్దున ఏడూ పదికి. చలి ఆరు డిగ్రీలు, ఆకాశం శుభ్రంగా ఉంది, గాలి లేదు. విమానం లేచింది. నేను రన్‌వే పక్కన నిలబడి వరసగా తీశాను. అది తిరిగి వచ్చేలోపు కెమెరా తెర మీద ఒక ఫొటోను పెద్దది చేసి చూశాను. పొట్ట కింద ఎడమ వైపు, ఒక చిన్న మూత అంచున నల్లటి సన్నని గీత.

ఎండ మెరుపు కావచ్చనుకున్నాను. ముందరి ఫొటో తీసి చూశాను. అందులోనూ అక్కడే ఉంది. విమానం ఒరిగితే మెరుపు అదే చోట ఉండదు. మూత లేచింది. గాలికి ఊడితే వెనక తోకను కొడుతుంది.

నిజం చెప్తాను. ఓ రెండు సెకన్లు నా వేలు వైర్‌లెస్ బటన్ మీదే ఆగింది. అది అన్న విమానం. తర్వాత నొక్కాను.

"ఫొటో నుంచి సేఫ్టీకి. పొట్ట కింద ఎడమ మూత లేచింది."

"ఖాయమా?"

"రెండు ఫొటోల్లో ఉంది సార్."

విన్యాసాలు ఆపి నేరుగా దిగమని పైలట్‌కు చెప్పారు. నాలుగు నిమిషాల్లో దిగాడు. మూతకున్న నాలుగు బిగింపుల్లో రెండు ఊడి ఉన్నాయి. మూతను దగ్గర్నుంచి తీసిన ఫొటోలు కావాలన్నాడు ఇంజనీరింగ్ ఆఫీసరు. పక్కన కొలత తెలిసేలా స్కేలు పట్టుకుని తీయాలి. అది పట్టుకోవడానికి ఎవరిని పిలవాలా అని చూస్తుంటే, నా సంచిలోంచి స్కేలు తీసుకుని అన్నే విమానం కింద వెల్లకిలా పడుకున్నాడు.

మొదటి ఫొటో కదిలిపోయింది. ఆయన పట్టుకున్న స్కేలు కదల్లేదు.

"ఇంకోటి తియ్యి తమ్మీ. మంచిగ కనపడాలె."

ఎవరూ అడగకముందే వాంగ్మూలం కూడా ఆయనే రాసిచ్చాడు. బిగింపు పడితే టక్‌మని చప్పుడొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు వినే చెయ్యి తీస్తున్నాడు. ఆ పొద్దున పక్క విమానం ఇంజన్ మొదలైంది. చప్పుడు వినపడలేదు. పడే ఉంటుందనుకున్నాడు.

ఉద్యోగం పోలేదు. పెన్షన్ పోలేదు. షో రోజు విమానం ముందు మాత్రం వేరే క్రూ చీఫ్ ఉంటాడన్నారు. అన్నకు తాడు దగ్గర డ్యూటీ. జనం లోపలికి రాకుండా వాళ్ల వైపే చూస్తూ నిలబడాలి. వెనక్కి తిరగకూడదు.

నేను రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు మెస్సులో ఎదురుగా వచ్చి కూచున్నాడు.

"నీకేమైంది?"

"నావల్లనే గదా అన్నా."

"నువ్వు సెప్పకపోతె గా పైలట్ ఏమయ్యేటోడు? ఫికర్ జెయ్యకు. తిను జర."

వదిననూ పాపనూ స్టేషన్ నుంచి తీసుకొచ్చేటప్పుడే జరిగింది జరిగినట్టు చెప్పేశాడట. షో రోజు తొమ్మిదింటికి వాళ్లిద్దరూ తాడు పక్కన మొదటి వరుసలో ఉన్నారు. పాపకు పన్నెండేళ్లుంటాయి. వాళ్లకెదురుగా, తాడుకు అవతల, ఇస్త్రీ మడత చెడని యూనిఫారంలో అన్న. ముఖం జనం వైపు, వీపు రన్‌వే వైపు. ఫొటోగ్రాఫర్లకు జనం మధ్యలోనే చెక్క వేదిక వేశారు. నేను పాప వెనకే కొంచెం ఎత్తులో ఉన్నాను.

దూరంగా కొత్త క్రూ చీఫ్ సెల్యూట్ కొట్టాడు. ఆ ఫొటో తీశాను, డ్యూటీ కదా. చాలా బాధేసింది. విమానం లేచింది. జనమంతా, ఆ ఒక్కరోజుకు లోపలికి రానిచ్చిన ఫోన్లు ఎత్తారు. అన్న కదల్లేదు.

మూడో రౌండులో విమానం ఒరిగి, పొట్ట మా వైపు తిప్పుకుంటూ వచ్చింది. చప్పుడు మారిన తీరును బట్టి పొట్ట ఇటు తిరిగిందని ఆయనకు తెలిసిపోయింది. తల తిప్పకుండానే అరిచినట్టు అడిగాడు.

"తమ్మీ, మూత?"

లెన్స్ దాని మీదే ఉంది. నాలుగు బిగింపులూ కనపడుతున్నాయి.

"మూసే ఉందన్నా."

ఆయన భుజాలు కిందికి దిగాయి. నేను పొడుగు లెన్స్ దించి, రెండో కెమెరా ఆయన వైపు ఎత్తి ఒక్కసారి నొక్కాను. ఆ తర్వాతి విన్యాసం నా కెమెరాలో లేదు. ఆఫీసరు అడిగితే తప్పిపోయిందని చెప్పాను.

ఇప్పుడు నేను వరంగల్‌లో మా దుకాణంలోనే కూచుంటున్నాను. అన్ని జెట్లు తీశావు గదా, ఒక్క ఫొటో చూపించమని అందరూ అడుగుతారు. నా దగ్గర ఒక్కటీ లేదు. రోజూ సాయంత్రం మెమరీ కార్డు అప్పగించి సంతకం పెట్టేవాళ్లం. అన్నకు పర్మిషన్ వచ్చింది కూడా సెల్యూట్ ఫొటో ఒక్కదానికే. అన్న పత్తి అమ్మడానికి వచ్చినప్పుడల్లా దుకాణం దగ్గర ఆగుతాడు. చాయ్ తాగుతాడు. ఆ ఫొటో ఆయన ఎప్పుడూ చూడలేదు, ఇక చూడబోడు కూడా. లేవబోతూ అడుగుతాడు.

"జర మళ్ల సెప్పు తమ్మీ, గా ఫొటోల నేనెట్లున్న?"

చెప్తాను. ముందు పాప రెండు జడలు, వెనక నుంచి. దూరంగా ఆకాశంలో విమానం, మసగ్గా. మధ్యలో నువ్వు. పాప తల విమానంతో పాటు ఎడమ నుంచి కుడికి తిరుగుతాంది. నువ్వు వెనక్కి తిరగలే అన్నా. ఆ పిల్ల ముఖంలో చూస్తానవ్, నీ విమానం ఎటు పోతాందో.