వెనక్కి పంపిన చికెన్ ప్యాకెట్లు

మసాలా పట్టించిన చికెన్ ప్యాకెట్లలో బ్యాక్టీరియా ఉందని, వెంటనే వెనక్కి పంపమని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. నర్సీపట్నంలో నాదొక చిన్న కిరాణా కొట్టు. ఫ్రీజర్లో మిగిలినవి చడీచప్పుడు లేకుండా పంపేశాను. కొన్నవాళ్లకు చెబితే మళ్లీ కొట్టుకు రారని భయం.

అంతకుముందు ఆదివారమే మా వీధిలోని అక్క నా కొట్టులో కొన్న ఆ ప్యాకెట్లతో చర్చి ప్రేమవిందుకు కూర వండింది. తిన్నవాళ్లలో చాలామందికి వాంతులయ్యాయి. ఎన్నో ఏళ్లుగా విందు వంట ఆమెదే. ఆ తర్వాత ఆమెను ఎవరూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

మొన్నటి విందులో ఒక ముసలమ్మ నవ్వుతూ అంది: "నీ సేతి కూర తిని మంచాలెక్కీసినాం. ఈసారి నీళ్లు పొయ్యవే తల్లీ, సాలు!"

అక్క కూడా నవ్వి నీళ్ల జగ్గు అందుకుంది. నేనిక కూర్చోలేకపోయాను. అందరి ముందూ మెసేజ్ సంగతి చెప్పేశాను.

ముసలమ్మే ముందుగా తేరుకుని గరిటె తెచ్చి అక్క చేతిలో పెట్టింది. "ఏటి సూస్తన్నావు? బేగెల్లి ఉప్పు సూడు."

నేను అక్క దగ్గరికెళ్లాను.

"నీ వంటలో తప్పు లేదక్కా. తెలిసీ నోరు మూసుకున్నాను. నన్ను క్షమించు."