గెడ్డ ఇవతల

మా తోట చివర, నా భార్యను దహనం చేసిన చోట, చిన్న సిమెంటు దిమ్మె కట్టాలనుకున్నాను. ఇటుకలు దించిన కొద్దిరోజులకే తహసీల్దారు ఉత్తర్వు వచ్చింది. ఆ భాగం గెడ్డ పోరంబోకట, ప్రభుత్వానిదట, ఖాళీ చెయ్యాలట.

దాని మీద టెక్కలి కోర్టుకు వెళ్లాను. వకీలును పెట్టుకోలేదు. ఆమె గురించి పరాయి మనిషి మాట్లాడటం నాకు ఇష్టం లేకపోయింది. చట్టం పుస్తకాలు తెచ్చుకుని చదివాను. అర్థమైందనే అనుకున్నాను.

జడ్జిగారు ఈ ప్రాంతం వారు కారు. నా వంతు వచ్చాక లేచి, "గెడ్డ అవతలుందండి, మా తోట ఇవతలుంది" అన్నాను.

"గడ్డ అంటే మెరకేగా? మెరక మీద నీళ్లెలా పారతాయండీ?" అన్నారాయన.

మా వైపు గెడ్డ అంటే వాగు. ఇంకోచోట ఆ మాటకు వేరే అర్థం ఉందని చదివే ఉన్నాను. కానీ అప్పుడు గుర్తుకు రాలేదు. ఏమడిగారో తెలియక, "పారతాయండి, వానాకాలంలో" అన్నాను.

"చూశారా, నీళ్లు పారతాయని ఆయనే ఒప్పుకుంటున్నారు" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"తోటలో కాదండి, గెడ్డలో."

"ఇంతకీ మీరు ఎవరి పక్షమండీ?" అన్నారు జడ్జిగారు. వెనక బెంచీల వాళ్లు నవ్వారు. నేను రాసుకొచ్చిన కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి.

చివరికి, సర్వే జరిగేదాకా యథాతథ స్థితి అన్నారు. గెలిచానో ఓడానో తెలియలేదు. వరండాలో కోర్టు బంట్రోతును అడిగాను.

"ఏటీ అవలేదు మావా. కొలతలయ్యేదాకా ఆ సోటు ఎవులూ ముట్టకూడదు. తాసిల్దారోలు నిన్ను కాళీ సేయించకూడదు."

"మరి నేను?"

"నువ్వేటి, జడ్జీగారికి సుట్టానివా? ఎవులూ అంటే నువ్వూనే. దిమ్మె గిమ్మె కట్టకు."

సాయంత్రం తోటకు వెళ్లాను. సరిగ్గా ఆ చోట ఎండు కొబ్బరిమట్ట ఒకటి రాలి, అడ్డంగా పడి ఉంది. తీయబోయి ఆగాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే మట్ట కూడా అలాగే ఉండాలా? ఆమె ఉండగా తోటలో మట్ట పడితే పొద్దు వాలేలోగా తీసేసేది. ఇది ఎవరిని అడగాలో, అడిగితే నవ్వుతారో లేదో, తెలియలేదు. మట్ట మొదలు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత పక్కకు లాగేశాను.

సర్వేయరు ఇంకా రాలేదు. నేను చేసింది కోర్టు మాట దాటడమో కాదో ఇప్పటికీ తెలియదు. మట్టలు రాలుతూనే ఉన్నాయి, తీస్తూనే ఉన్నాను.