కోటగడ్డ మీద సీతాఫలం చెట్టు

మొన్న పెద్దపల్లి స్టేషను బయట ఒకామె సీతాఫలాల గంప దించుకుని కూర్చుంది. నేను ఒక కాయ చేతిలోకి తీసుకుని కన్నులు విచ్చాయో లేదో తిప్పి తిప్పి చూస్తుంటే, పక్కనున్న మా అక్క "అచ్చం పెద్దమ్మ లెక్కనే చూస్తున్నవ్" అని నవ్వింది. నిజమే. కన్నుల మధ్య తెలుపెక్కితేనే కాయ కోయాలనీ, కోసినదాన్ని వరిగడ్డిలో ముగ్గబెట్టాలనీ నేర్పింది మా పెద్దమ్మే.

డెబ్బైల మొదట్లో పెద్దమ్మవాళ్ళు గోదావరిఖనిలో ఉండేవారు. పెద్దబాపు బొగ్గుబాయిలో దిగి పనిచేసేవాడు. వాళ్ళ క్వార్టర్ల వెనకే ఒక మట్టికోట. కోట అనగానే బురుజులూ దర్వాజలూ ఊహించుకోకండి. ఏ కాలంవాళ్ళో మట్టి పోసి గుండ్రంగా కట్టిన కట్ట, అంతే. దాని నిండా తుమ్మలూ సీతాఫలాలూ కమ్ముకుని, ఎవరైనా చెబితే తప్ప అది కోటని తెలిసేది కాదు. పెద్దమ్మ పుట్టిన ఊరు చేనుతో సహా బొగ్గుబాయికి పోయింది. చిన్నప్పుడు పండ్లు కోసుకున్న ఆ కట్ట మాత్రం మిగిలింది. దాన్ని ఆమె "మా తల్లిగారిల్లు" అనేది. దసరా ముందు తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, గంప చంకన పెట్టుకుని మరీ వెళ్ళేది. మేం నవ్వేవాళ్ళం.

ఒక ఏడు పట్నం నుంచి పాత కోటలు చూసే ఆఫీసరు వచ్చాడు. వేళ్ళు కట్టను చీలుస్తున్నాయనీ, చెట్లు కొట్టేసి గడ్డి మాత్రం ఉంచితే కోట ఆకారం బయటపడుతుందనీ అన్నాడు. పాపం మర్యాదస్తుడు, అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పొయ్యి రాజేసుకునే చితుకులు ఎక్కడ దొరుకుతాయని ఆడవాళ్ళు గొణిగారు. పెద్దమ్మ లేచి ఒక్కటే అడిగింది.

"ఏం సారూ, గడ్డికి కాయలు కాస్తయా?"

"బర్లకు మేత దొరుకుతుంది కదమ్మా" అన్నాడాయన. బర్లున్నవాళ్ళంతా అటు తిరిగిపోయారు. పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

మర్నాడు పెద్దబాపు డ్యూటీకి పోగానే ఆమె కోటగడ్డ ఎక్కింది. అన్నిటికన్నా తియ్యటి చెట్టు మొదట్లో ఒక రాయి నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాత చీర అంచు చింపి కొమ్మకు కట్టి వచ్చింది. ఇంకేం, కట్ట మైసమ్మ వెలిసింది! గొడ్డళ్ళతో వచ్చిన కూలీలు ఆ రాయికి మొక్కి, ఆ ఒక్క చెట్టూ వదిలి మిగతావన్నీ కొట్టేశారు.

పెద్దమ్మ సంబరం కాయలు విచ్చేదాకానే. గంప పట్టుకుని వెళ్ళేసరికి చెట్టు కింద పెద్దబాపు కొబ్బరికాయ కొడుతున్నాడు. బాయిలో దిగేవాళ్ళు మైసమ్మకు మొక్కకుండా దిగరు. ఆ తల్లి ఇంటి వెనకే వెలిస్తే ఊరుకుంటాడా?

"మైసమ్మ పండ్లు తెంపుతవా? కండ్లు పోతయ్!" అని కసిరాడు.

నిజం చెబితే పండ్లు దక్కేవి. కానీ రోజూ చీకట్లోకి దిగే మనిషికి ఉన్న ఆ ధైర్యం తను పోగొట్టలేకపోయింది. ఖాళీ గంపతో వచ్చేసింది. పండ్లు రామచిలుకలు తిన్నాయి.

గడ్డి సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తొలకరికి పచ్చగా లేచి, గుండ్రటి కోట నిజంగానే బయటపడింది. సాయంత్రమైతే క్వార్టర్లన్నీ అక్కడే. పెద్దమ్మ ఆఫీసరును తిట్టుకుంటూనే మెత్తటి చోటు చూసుకుని కూర్చునేది. చెట్లున్నన్నాళ్ళూ కనబడని తన ఊరి దిక్కు అక్కణ్ణుంచి కనబడేదట.

పెద్దబాపు రిటైరైన రోజు సాయంత్రం ఆ గడ్డి మీదే, మా అందరి ముందూ ఆమె అసలు సంగతి బయటపెట్టింది.

"ఇగో, ఆ రాయి నేనే పెట్టిన. పసుపు మనింట్లదే."

"నాకెరికేనే. ఆ గుడ్డ నీ చీర అంచు గాదా? మంచిర్యాలల కొన్నది నేనే గద" అన్నాడాయన.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. "ఎరికుండి ఇన్నేండ్లు ఎందుకు మొక్కినవ్?"

"రోజు మొక్కి దిగిన. రోజు పైకొచ్చిన" అన్నాడు.

తర్వాత లేచి, రాయికి దండం పెట్టి, విచ్చిన పండొకటి కోసి తెచ్చి ఆమె ఒడిలో వేశాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూనే, గింజలు ఊస్తూనే తిన్నది.

ఆ కోట ఎన్నేళ్ళనాటిదో ఆఫీసరు చెప్పాడు గానీ నేను మర్చిపోయాను. ఆ పండు కోసం మా పెద్దమ్మ ఎన్నేళ్ళు ఆగిందో మాత్రం ఇవాళ్టికీ మర్చిపోలేదు: ఏడేళ్ళు.