మా ఇంటి ఫర్నేసూ, ఆంటీ సాక్ష్యమూ

చాండ్లర్‌లో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏసీకి ఉన్న మర్యాద నాకు ఉండేది కాదు. అది కాస్త మూలిగితే మా ఆయన పరుగెత్తుకొచ్చేవారు. నేను మూలిగితే టీవీ సౌండ్ పెంచేవారు. అలాంటి ఎండల ఊరి నుంచి ఆయన ఉద్యోగం మమ్మల్ని మంచు కురిసే హెర్న్‌డన్ తీసుకొచ్చి, బేస్‌మెంట్‌లో ఫర్నేసు ఉన్న ఇంట్లో పడేసింది. చూడ్డానికి అదొక ఇనప బీరువా. ఇల్లంతటికీ వేడిగాలి పంపడం దాని పని. మొదటిసారి దాని ముందు నిలబడి మా ఆయన "ఇదెలా పనిచేస్తుందంటావ్?" అని నన్నడిగారు. అనుమానం నాకు అప్పుడే రావాల్సింది.

ఇంతకీ నా బాధ ఫర్నేసు కాదు. చలికాలం వచ్చేసినా ఈ ఊళ్ళో నాకంటూ ఒక్క మనిషి లేదు. చర్చిలో అందరూ "వందనాలండీ" అనేవారు, నేనూ "వందనాలండీ" అనేదాన్ని, అక్కడితో సరి. చాండ్లర్‌లో అయితే పెరుగు తోడు కోసమని పక్కింటికి వెళ్ళి పొద్దుగూకే దాకా కూర్చునేదాన్ని. ఇక్కడ తోడుకి కూడా కొట్టుకే వెళ్ళాను. ఆ రోజు పెరుగు డబ్బా చేత్తో పట్టుకుని కార్లో కూర్చుని ఏడ్చాను కూడా. అందుకే నెలనెలా జరిగే ఇంటి ప్రార్థన ఈసారి మా ఇంట్లో పెట్టుకుంటామని చెయ్యెత్తాను. ఒక్కసారి వచ్చి హాయిగా కూర్చుని, కడుపునిండా తిని వెళ్తే, మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వస్తారని నా ఆశ.

మా కోస్తా వాళ్ళకి ఇంటి ప్రార్థన అంటే కిందే కూర్చోవాలి. సోఫాలో కూర్చుని ప్రార్థన చేస్తే నాకు పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టుంటుంది. శనివారం మధ్యాహ్నమే సోఫాలన్నీ గోడలకి ఆనించి నెట్టించాను. దాచుకున్న కలంకారీ దుప్పట్లన్నీ తీసి, హాలంతా అంగుళం ఖాళీ లేకుండా పరిచాను. నేలలో అక్కడక్కడా ఇనప జాలీలుంటే, అవి చూడ్డానికి అసహ్యంగా ఉంటాయని వాటి మీదా పరిచేశాను. పై గదిలో పిల్లల కోసం పరుపులు దించి నేలంతా నింపేశాను. వెనక్కి జరిగి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. అంత బాగా సర్దాను.

సాయంత్రం పకోడీల పిండి కలుపుతుంటే వేళ్ళు కొంకర్లు పోవడం మొదలైంది. వెళ్ళి, ఇంట్లో వేడి ఎంతుందో చూపించే థర్మోస్టాట్ చూస్తే ఫారన్‌హీట్‌లో అరవై రెండు. డెబ్భైకి పెట్టాను. కాసేపటికి అరవై ఒకటి అయింది. నేను పెంచినకొద్దీ అది తగ్గుతోంది, నామీద పంతం పట్టినట్టు. మా ఆయన బేస్‌మెంట్‌లోకి వెళ్ళి వచ్చారు.

"వెలుగుతోంది, కాసేపటికే ఆరిపోతోంది. మళ్ళీ వెలుగుతోంది."

"ఎందుకట?"

"చలికేమో."

నేను ఆయన్ని ఏదో అనబోతుండగా బెల్ మోగింది.

ముందుగా వచ్చింది డాక్టర్ అంకుల్, ఆంటీ. అంకుల్ రిటైరైన గుండె డాక్టరు. ఈ ఊళ్ళో తెలుగు ప్రార్థనలన్నీ ఆయనే నడిపిస్తారు. ఆంటీ ఒక ఇంటికి వెళ్ళారంటే మిగతా అందరూ ఆ ఇంటికి వెళ్తారు. అందుకని ఆంటీ కోటు తీసుకోవడానికి నేను రెండు చేతులూ చాపాను.

"పర్లేదమ్మా, ఉండనీ," అన్నారు ఆవిడ, ఇంట్లోకి ఒకసారి చూసి.

ఆ "ఉండనీ" నాకు గుచ్చుకుంది. వెనక వచ్చిన వాళ్ళందరూ అదే మాట అన్నారు. చెప్పులూ బూట్లూ గుమ్మంలో వదిలారు గానీ కోటు ఒక్కరూ వదల్లేదు.

మగవాళ్ళు మాత్రం ఫర్నేసు చెడిందని విని మహా ఉత్సాహంగా బేస్‌మెంట్‌లోకి దిగారు. అంకుల్ తప్ప అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే.

"ఆఫ్ చేసి ఆన్ చేశారా బ్రదర్?"

"చేశానండి."

"ఇంకోసారి చేయండి."

ఒకాయన థర్మోస్టాట్ బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌వి వేశారు. చలి తగ్గలేదు, రిమోట్ పనికిరాకుండా పోయింది. ఇంకొకాయన "ఫిల్టర్ బ్లాక్ అయ్యుంటది" అని దాన్ని బయటికి లాగారు. అది నాకన్నా శుభ్రంగా ఉంది. దాని మీదున్న బాణం గుర్తు ఫర్నేసు వైపు ఉండాలా, ఇవతలికి ఉండాలా అని కాసేపు వాదించుకున్నారు. ఫర్నేసు పొగ బయటికి పోయే గొట్టానికి మంచు అడ్డం పడిందేమోనని మరొకాయన గుమ్మంలో దొరికిన బూట్లు తొడుక్కుని వెళ్ళొచ్చారు.

"పైప్ క్లియర్‌గానే ఉంది అక్కా. కానీ ఈ షూస్ ఎవరివో తడిసినయ్."

అవి డాక్టర్ అంకుల్‌వి. ఆయన అదేమీ పట్టించుకోకుండా ఫర్నేసుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. "దీనికి ఊపిరాడట్లేదయ్యా," అన్నారు. అందరూ పెద్దాయన జోకేశారని మర్యాదగా నవ్వారు. రిపేరు వాళ్ళకి ఫోన్ చేస్తే సోమవారం మధ్యాహ్నం వస్తామన్నారు.

ఇక చేసేదేమీ లేక ప్రార్థన మొదలుపెట్టాం. పాట పాడుతుంటే మా పళ్ళే తాళం వేశాయి. ఆడవాళ్ళందరూ ఒకరినొకరు ఆనుకుని, ఒక శాలువాని ముగ్గురు కప్పుకుని కూర్చున్నారు. ఆంటీ మాత్రం కిటికీ మూలన పట్టుచీర పరుచుకుని నిండుగా కూర్చున్నారు. చూస్తుండగానే కోటు తీశారు. తర్వాత స్వెట్టరు కూడా తీసి పక్కన పెట్టుకున్నారు.

"ఆంటీ, మీకు చలిగా లేదా?" అన్నాను.

"లేదమ్మా. అంతా ప్రభువు కృప," అన్నారు ఆవిడ ప్రశాంతంగా.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో అప్పటికి సరిగ్గా మండింది అదొక్కటే. ఇల్లు నాది, వణుకు నాది, కృప మాత్రం ఆవిడదా అనిపించింది.

సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పాలి. ఆంటీ ఇటొకరి భుజం, అటొకరి భుజం పట్టుకుని లేచారు. "ఈ సాయంత్రం నా చుట్టూ అందరూ వణుకుతుంటే, నన్ను మాత్రం ఆయన తన రెక్కల కింద వెచ్చగా..."

ఆవిడ వెనక దుప్పటి మెల్లగా పైకి లేవడం మొదలైంది. నూనెలో వేసిన పూరీలా గుండ్రంగా పొంగింది.

"ఆంటీ, మీ వెనక బ్లాంకెట్ పెద్దగా అవుతుంది!" అని పై గదిలోంచి దిగొచ్చిన ఒక పిల్ల అరిచింది.

అందరం చూశాం. అంకుల్ వెళ్ళి దాని మీద కాలు పెట్టారు. అణిగింది. కాలు తీశారు. పొంగింది. మా ఆయన దుప్పటి అంచు ఎత్తగానే వేడిగాలి మొహాన కొట్టింది. ఆయన నా వైపు చూశారు. నేను బైబిల్ వైపు చూశాను.

"కూర్చోగానే వెచ్చగా తగిలిందమ్మా," అన్నారు ఆంటీ, గొంతు తగ్గించి. "చెప్తే అందరూ ఇటే వచ్చేస్తారని ఊరుకున్నాను."

ఆ రోజు చెప్పిన సాక్ష్యాలన్నిటిలో నిజమైనది అదే. గదంతా నవ్వింది, కోట్లలోంచే. అంకుల్‌కి నవ్వాపుకోవడం చేతకాలేదు. "వేడిగాలి వచ్చే జాలీలన్నీ దుప్పట్లతో మూశావు. గాలి వెనక్కి పోయే గోడ జాలీకి సోఫా అడ్డం పెట్టావు. లోపల వేడెక్కిపోయి, భయపడి, తనంతట తనే ఆరిపోతోంది. ముక్కూ నోరూ మూసేసి, ఊపిరెందుకు ఆడట్లేదని డాక్టర్ని పిలిచావమ్మా!"

దుప్పట్లు చుట్టేశాం. సోఫాలు ఇవతలికి లాగాం. కాసేపటికి ఇల్లు వెచ్చబడింది, ఆపైన ఉడికిపోయింది. బేస్‌మెంట్ ఉత్సాహంలో ఎవరో థర్మోస్టాట్‌ని ఎనభైకి పెట్టారు. బిర్యానీ తింటూ అందరూ చెమటలు కక్కారు. కోట్లు వదలని వాళ్ళే కిటికీలు తీయమన్నారు.

అందరూ వెళ్ళాక దుప్పట్లు మడతపెడుతూ కూర్చున్నాను. ఏదో ఘనంగా చేద్దామనుకుంటే ఊరంతా చెప్పుకుని నవ్వుకునేలా చేశాను, ఇంక ఈ గుమ్మం ఎవరు తొక్కుతారులే అనుకున్నాను. నిజంగానే దిగులేసింది.

సోమవారం మధ్యాహ్నం బెల్ మోగింది. రిపేరు వాళ్ళకి రావద్దని చెప్పడం మర్చిపోయానే అని నాలుక కరుచుకుంటూ తలుపు తీశాను. ఎదురుగా ఆంటీ, చేతిలో చిన్న గిన్నెతో.

"పెరుగు తోడుందా అమ్మా?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే లోపలికొచ్చి, కోటు తీసి నా చేతికిచ్చి, తిన్నగా వెళ్ళి కిటికీ మూల జాలీ మీద కూర్చున్నారు.