బాలింత ఉంది, మెల్లగా నడవండి

మా నాన్న జగ్గారావు గారికి ఒకటే పిచ్చి. ఆవు ఈనితే పెంటపాడులో ఎవరూ గట్టిగా దగ్గకూడదు.

మా ఇంటి ముందు హారన్ మోగితే చాలు, కండువా ఊపుకుంటూ పరిగెడతారు. "ఏవండీ, లోపల బాలింత ఉందండీ! బండి దిగి నడిపించుకెళ్ళండి."

పాపం, ఆ మనిషి మా గేటు దాటేదాకా బండి తోసుకెళ్ళి, అప్పుడు అడుగుతాడు: "మీ అమ్మాయా అండీ?"

"కాదండీ, మా కపిల."

ఆవు ఈనిన వారమంతా ఇంట్లో మిక్సీ బంద్. మా అమ్మ అచ్చాయమ్మ రోట్లో పచ్చడి నూరుతూ, "నేనూ ఇద్దర్ని కన్నాను. ఒక్కనాడైనా ఇంత మర్యాద జరిగిందా?" అంటుంది.

"మెల్లగా అనవే, అది వింటుంది."

ఈమధ్య పురుటికి వచ్చి, పాపతో నేను ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వారంలోనే మా పెయ్య గౌరి ఈనింది. తొలిచూలు. దూడ కింద పడగానే బెదిరిపోయి వెనక్కి గెంతింది. దగ్గరకు పోదు, నాకదు. దూడేమో తడిసి వణుకుతోంది. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు.

"తల్లికి అక్కర్లేనట్టుందండీ. సీసాతో పాలు పట్టెయ్యండి" అన్నాడు పక్కింటి వరదానం.

"ముందు అందరూ బయటికి నడవండి. ఇంతమంది మధ్య దానికి బిడ్డ కనపడొద్దూ?" అన్నారు నాన్న.

దూడ ముక్కు తుడిచి, గౌరి ముందు గడ్డి మీద పడుకోబెట్టి, తనూ బయటికి వచ్చేశారు. తడిక సందులోంచి చూస్తున్నాం. గౌరి కదల్లేదు. నాన్న ముఖం పాలిపోయింది. "ఇంకాసేపు చూసి మనమే పట్టేద్దాం" అన్నారు నెమ్మదిగా.

అప్పుడు గౌరి మెడ చాచింది. వాసన చూసింది. గొంతులోనే సన్నగా ఏదో అంది. ఒకసారి నాకింది, ఇంక ఆపలేదు. ఆ నాకుడికి దూడ లేవడం, పడడం, మళ్ళీ లేవడం. చివరికి పొదుగు అందుకుని తోకాడిస్తూ తాగుతుంటే అందరం ఊపిరి పీల్చుకున్నాం. చప్పట్లు కొట్టబోయిన వరదానం చేతులు నాన్న గట్టిగా పట్టేసుకున్నారు.

మర్నాడు ఏలూరు నుంచి మా అత్తవారి చుట్టాలు వ్యాన్ నిండా దిగారు. పాపను పడుకోబెట్టి నేనప్పుడే కళ్ళు మూసుకున్నాను. కిటికీ అవతల నాన్న గొంతు వినిపించింది.

"బాలింతను ఇప్పుడు చూడ్డానికి వీల్లేదండీ. మనుషుల్ని చూస్తే బెదురుతోంది. గూడెం వెళ్ళి హోటల్లో భోంచేసి సాయంత్రం రండి."

"బాలింతంటే ఆవేనా అన్నయ్యగారూ?" అన్నారు మా అత్తగారు వెంకటసుబ్బలక్ష్మి.

"ఆవేనండీ."

తల ఎత్తి చూశాను. గౌరి గేటు పక్కనే, వాళ్ళందరి మధ్యా, దూడను నాకుతూ తీరిగ్గా నిలబడి ఉంది.

అత్తగారు దాన్ని చూశారు. నా కిటికీకేసి చూశారు. నవ్వుకున్నారు.

"పాపం, పడుకోనివ్వండి" అని అందర్నీ వ్యాన్ ఎక్కించారు.

నేను అటు తిరిగి హాయిగా నిద్రపోయాను.