మధ్యగట్టు

ఏలూరులో బయల్దేరినప్పుడే తెల్లారింది. కొల్లేరు చేరేసరికి ఇంకా తెల్లారలేదేమో అనిపించింది. మంచు అలా కమ్మేసింది. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. గూడబాతులు గాలిలోనే కూర్చున్నట్టున్నాయి. పత్రికలో ఉన్నన్నాళ్ళూ ఈ సరస్సు వరదల గురించీ తగాదాల గురించీ రాశాను గానీ, ఈ మంచు గురించి ఎప్పుడూ రాయలేదు.

మా పిన్నిది ఇక్కడి లంక గ్రామం. ఆ ఆదివారం వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధన. ఆ ఊళ్ళో అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చుంటారు. అన్న విరిచి ఇచ్చిన రొట్టే తమ్ముడు తింటాడు. మా బాబాయి చాప మీద అన్నగారి చోటు ఏళ్ళ తరబడి ఖాళీ.

ఇద్దరివీ పక్కపక్క చేపల చెరువులు. ఒక వరదలో తన గట్టు తెగేలా ఉందని బాబాయి ఎవరూ చూడకుండా మధ్యగట్టుకి గండి కొట్టాడు. నీళ్ళు అన్నగారి చెరువులోకి ఎగదన్నాయి. అవతలి గట్టు తెగి చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. అంతా వరదే అనుకున్నారు. అన్నగారు చెరువు వదిలేసి, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పనికి కుదిరాడు. మొన్న వేసవిలో బాబాయి గూడెం వెళ్ళి, జరిగింది చెప్పి ఏడ్చాడు. అన్నగారు "సరేరా, వస్తాలే ఒక ఆదివారం" అన్నాడట. అప్పట్నుంచీ బాబాయికి ఒక్కటే ఆశ. అన్నగారు తిరిగొచ్చి మళ్ళీ చెరువు వెయ్యాలి.

"ఏవండీ, ఆ చాప ఇంకెంతసేపు దులుపుతారు? దేవుడికి తుమ్ములొస్తాయి" అంది పిన్ని.

మొదటి పాట అయ్యేలోపు అన్నగారు వచ్చాడు. చేతిలో సంచి, ఒంటి నిండా ఉల్లిపాయల వాసన. వచ్చి తన చోట్లో కూర్చున్నాడు.

పాస్టరుగారు ఏదెను తోట గురించి చెప్పారు. తప్పు చేసి చెట్ల చాటున దాక్కున్న ఆ మొదటి మనుషులిద్దరికీ దేవుడే చర్మపు చొక్కాలు చేసి తొడిగాడట. తొడిగి, తోటలోంచి పంపేశాడట. "ప్రేమ లేక పంపలేదండీ. ప్రేమ ఉంది గదా అని తోట మళ్ళీ తెరవనూ లేదు" అన్నారాయన. పళ్ళెం వచ్చింది. అన్నగారు రొట్టె విరిచి ఇచ్చాడు. బాబాయి దాన్ని చాలాసేపు నమిలాడు.

బయటికొచ్చాక అన్నగారు సంచిలోంచి కొత్త చొక్కా తీశాడు.

"తొడుక్కోరా. నీ చొక్కా చూస్తే వలకే కన్నాలు తక్కువనిపిస్తోంది."

బాబాయి అక్కడే తొడుక్కుని, "చెరువు చూద్దురుగాని, రండి అన్నయ్యా" అన్నాడు.

దోనెలో ముగ్గురం వెళ్ళాం. అన్నగారి చెరువు నిండా కిక్కిస గడ్డి. అందులో తెల్లకొంగలు. గట్టు ఆనవాలే లేదు.

"ఇద్దరం కలిసి మళ్ళీ గట్టు కడదాం. సంక్రాంతి కాగానే చేపపిల్ల వేద్దాం" అన్నాడు బాబాయి.

"నిన్ను ఎప్పుడో క్షమించేశానురా. అది అయిపోయింది" అన్నాడు అన్నగారు. "కానీ మనవలు అక్కడి బళ్ళో చదువుతున్నారు. మీ వదినకి ఇప్పుడు నీళ్ళంటేనే భయం. ఇంక రాలేను."

బాబాయి గెడతో దోనెని బస్సు ఆగే ఒడ్డు వైపు తిప్పాడు. దోనె కాస్త ఊగింది. నడవడం నేర్చిన దగ్గర్నుంచీ కొల్లేట్లో నిలబడే దోనె నడిపిన అన్నగారు, రెండు చేతులతో అంచుల్ని గట్టిగా పట్టుకున్నాడు, ఊరు చూడటానికి వచ్చిన పట్నం వాడిలా.

బాబాయి ఆ చేతుల్నే చూశాడు. ఇంక చెరువు మాట ఎత్తలేదు. ఊగకుండా, మెల్లగా గెడ వేస్తూ ఆయన్ని ఒడ్డుకి చేర్చాడు.